పురిటి చీర

"అసిరమ్మ చేతుల మీదయితేనే కంటాను. ఆసుపత్రికి రాను," అంది సూరీడమ్మ.

పొద్దున్నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి. ఊడుపులు మధ్యలో వదిలేసి వచ్చిన సోములు పెళ్ళాం వైపు చూశాడు. మోకాళ్ళ దాకా పట్టిన బురద ఎండి పెచ్చులు కడుతోంది. కడుక్కునే ఓపిక కూడా లేక అలాగే అరుగు మీద కూలబడ్డాడు.

"నర్సమ్మ సెప్పింది నువ్వూ ఇన్నావు గదే. మొదటి కాన్పు అలాగయిన మనిషి రెండోదానికి ఇంటికాడ ఉండకూడదంది. నెప్పులు రాకముందే నరసన్నపేట ఆసుపత్రిలో సేరిపోమంది."

"నర్సమ్మకేటి. సెప్పింది, గొడుగేసుకుని ఎలిపోయింది."

"మధ్యాన్నం బస్సు ఉన్నాది. రోడ్డు దాకా బండి కడతాను."

"ఎల్లి, అక్కడ ఎవరి సెయ్యి పట్టుకోమంటావు బావా?"

సోములు కాలి మీది బురద పెచ్చు గిల్లాడు.

"మూడు రోజులు నెప్పులు పడినాను," అంది సూరీడమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాటలా ఉంది. "అత్త పెరట్లో కూకుని ఏడ్సింది. నువ్వు ఈదిలో నిలబడ్డావు. నా సెయ్యి వొదిలిపెట్టకుండా కూకున్నది అసిరమ్మ ఒక్కత్తే. పిల్ల పోతే పోయింది, నన్నయినా బతికించింది."

లోపల బియ్యం చెరుగుతున్న నారాయణమ్మ చేట పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"అది రాకపోతే నన్నేటి సెయ్యమంటావే కోడలా? మూడుసార్లు కబురెట్టినాను. ఒకసారి జొరమంది. ఒకసారి కళ్ళు ఆనడం నేదంది. నిన్నయితే తలుపే తియ్యనేదు."

"ఏల తీస్తాది? మూడు రోజులు కష్టపడిన మనిషిని ఒట్టి సేతులతో పంపినావు. అలగదా?"

నారాయణమ్మ తల దించుకుంది. ఆ ఊళ్ళో మంత్రసానికి పురిటి చీర, చేటెడు బియ్యం పెట్టడం ఆనవాయితీ. అయితే కాన్పు ఆమె చేతుల మీదే జరగాలి, బిడ్డ దక్కాలి. రెండింటిలో ఏది తప్పినా చీర లేదు. ఆ రోజు చీర అడిగినవాళ్ళూ లేరు, పెట్టినవాళ్ళూ లేరు. ఆ తరవాత అసిరమ్మ వీళ్ళ వీధిలోకి రావడం మానేసింది. నీళ్ళకు కూడా చుట్టు తిరిగి వెళ్తోంది.

"సచ్చిన పిల్లకి సీరేటని అందరూ అంటే ఊరుకున్నాను," అంటూ నారాయణమ్మ లోపలికి వెళ్ళింది. పెట్టె మూత చప్పుడయింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో పొందూరు నేత చీర ఉంది. ఎర్రంచుది. అమ్మవారి సంబరానికి కట్టుకుందామని దాచుకున్నది, ఇంకా మడత విప్పలేదు.

"అది నీ సీర గదమ్మా," అన్నాడు సోములు.

"నాకిప్పుడు సీరలేటిరా. ముందే దాని సేతిలో ఎడితే అలక తీరతాది."

సోములు తల గోక్కున్నాడు. "ఇదే ఆఖరు, ఇంటన్నావా? సీర పుచ్చుకుని అది వచ్చిందా, ఇంటికాడే కను. రాకపోతే నోరెత్తకుండా బండెక్కాల."

"వస్తాది," అంది సూరీడమ్మ.

అత్త వీధి మలుపు తిరిగాక ఆమె అరుగు మీది నిట్రాట స్తంభం పట్టుకుని లేవబోయింది. సోములు చెయ్యి అందించాడు. ఆమె ఆ చేతి వంక ఒక్క క్షణం చూసింది. అతను చూసుకుని, "బురద," అంటూ వెనక్కి తీసుకున్నాడు.

"అప్పుడయినా, లోపలికి రానివ్వనేదే ఆడోళ్ళు," అన్నాడు.

"తెలుసు," అని ఆమె మళ్ళీ కూర్చుంది.

నారాయణమ్మ వస్తూనే, "సీర సూసి కదిలింది మీ మహారాణి," అంది. ఆ వెనకే అసిరమ్మ. రెండేళ్ళలో బాగా ముసలిదయిపోయింది. చీరను చంకలో పెట్టుకోలేదు, భుజాన వేసుకోలేదు. రెండు చేతుల మీద పట్టుకుని వచ్చింది. సూరీడమ్మ ముఖం చూడకుండా చీర పక్కన పెట్టి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆమె ముందు కూర్చుని కడుపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు తీయలేదు.

"తల కిందికే ఉన్నాది. బాగున్నాది," అంది చివరికి.

నారాయణమ్మ ఊపిరి వదిలింది. సోములు తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. "అయితే నాను పొలానికి ఎల్తాను."

"ఎల్లకు నాయినా. బండి కట్టు," అంది అసిరమ్మ.

"బాగున్నాదని నువ్వే గదా అన్నావు?"

"అన్నాను. నా మాట పట్టుకుని మాత్రం ఉండిపోకండి. బస్సుకి తీసుకుపో."

సూరీడమ్మ ముందుకు వంగి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకా అలకేనేటి మామ్మా? సీర ఎట్టినాం గదా. నువ్వుంటే నాకు భయం నేదు."

అసిరమ్మ ఆ చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తో చీర తీసి, మడత నలగకుండా సూరీడమ్మ ఒడిలో పెట్టింది.

"అలక కాదమ్మా. అప్పుడు మొదటిరోజు పొద్దుటే నా సేతికి పిల్ల కాళ్ళు తగిలినాయి. బండి కట్టమని నానంటే కాన్పు ఆసుపత్రిలో అయిపోతాది, నాకు సీర రాదని నోరు మూసుకున్నాను."