పిట్ట ముట్టలేదు

కాకి ఈసారి హనుమంతు నెత్తి మీదే తన్నింది. తలకు చుట్టుకున్న తువ్వాల ఎగిరి మట్టిలో పడింది. అతను విస్తరి దగ్గర నుంచి వెనక్కి దూకి, వేపచెట్టు వైపు చేతులు జోడించాడు.

"అమ్మా, నేనేం తప్పు చేసిన? జర ముట్టవే. నీకోసమే పెట్టినం."

వేపచెట్టు మీద కాకిగూడు ఉంది, గూట్లో పిల్లలున్నాయి. పిల్లలున్న కాకి చెట్టు కిందికి వచ్చినవాళ్లనల్లా తన్నుతుంది. అందులో వింతేమీ లేదు. కానీ అతని తల్లి అండాలు చనిపోయిన మూడో రోజున, ఆమె పేరు మీద పిట్టకు పెట్టిన చోట, తన్నింది ఉత్త కాకేనంటే ఎవరు ఒప్పుకుంటారు? పొద్దున ఆమెను పాతిన బొంద దగ్గర పెడితే ఒక్క పిట్టా వాలలేదు. ఇంటికొచ్చి పెరట్లో మళ్లీ పెట్టారు. అన్నం, మాంసం కూర, కల్లు, తమలపాకులు, పక్కన ఆమె మురిసిపోతూ కట్టుకునే నారాయణపేట చీర. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదు. ఎండ నడినెత్తికి వచ్చింది. పిట్ట ముట్టకపోతే తల్లి పానం ఈ పెరట్లోనే తిరుగుతుందని హనుమంతు భయం.

"మా అక్క మనసుల ఏదో ఉండిపోయిందిరా," అన్నాడు అండాలు తమ్ముడు సోమన్న. "గది తీరకనే ముడుతలేదు."

"ఏం చెప్పింది మామా! వాంతులైతున్నయన్నది, దవాఖానకు తీస్కపోయే లోపట్నే పాయె."

"రోడ్డు పక్క జాగా బిడ్డకియ్యాలని ఎప్పుడూ అనేది గదా."

హనుమంతు చెల్లెలు మంజులత వైపు చూశాడు. నందికొండలో కాపురం ఉంటున్న ఆమె, కబురు అంది వచ్చినప్పటి నుంచి ఏడుస్తూనే ఉంది. తర్వాత బిక్కుబిక్కుమంటూ భార్య స్వరూప వైపు చూశాడు. ఆ జాగా మాట ఎత్తితే అత్తాకోడళ్ల అరుపులు ఊరవతలికి వినపడేవి.

"ఇద్దాం తియ్," అంది స్వరూప వెంటనే. "ఆమె పానం కంటె ఎక్కువనా జాగ?"

చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. పోయినాక గానీ అత్త విలువ తెలియలేదు కోడలికి అనుకున్నారు. హనుమంతు విస్తరి వైపు తిరిగి, "జాగా చెల్లెకే ఇస్త అమ్మా, నీ మీద ఒట్టు," అన్నాడు.

కాకి కదలలేదు. తల పక్కకు వంచి, అంతమందినీ దాటి స్వరూపనే చూస్తోంది. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని గడప లోపలికి జరిగింది.

"ఫోన్ల కాకి కూత పెడుదామా?" అన్నాడొక చుట్టం.

"నోరు మూస్కో," అన్నాడు సోమన్న.

మంజులత కళ్లు తుడుచుకుని తన సంచిలో నుంచి స్టీలు డబ్బా తీసింది. "అమ్మకు పానమైనయి పెట్టనే లేదు గదా. నువ్వుల ముద్దలు. వదినె చేసిస్తే మంచం కింద దాసుకొని తినేది. అమ్మ గుర్తని నేనే తీసి పెట్టుకున్న."

"గా డబ్బ నీ తాన ఉన్నదా?" స్వరూప గొంతు కీచుగా వచ్చింది. "ఇల్లంత ఎతికిన! ఇటియ్యి. పాసిపోయినయి పిట్టకు పెడుతరా ఎవరన్న?"

"అమ్మ ఆఖరుకు తిన్నయి గివే వదినె. గివే పెడుత."

ఆమె ముద్దలను విస్తరి అంచున పెట్టింది. ఇందాకటి నుంచి అందరినీ తన్నిన కాకి ఆమె జోలికి రాలేదు. ఆమె పక్కకు జరగగానే కిందికి దిగింది. దాని వెనకే, కొత్తగా రెక్కలొచ్చిన పిల్ల ఒకటి దిగి, నోరు తెరుచుకుని ముద్దల వైపు గెంతింది. తల్లి కాకి దాన్ని ముక్కుతో పొడిచి అవతలికి తోసింది. పిల్ల మళ్లీ వచ్చింది. తల్లి మళ్లీ తోసి, ముద్దలకు అడ్డంగా రెక్కలు చాపి గొంతు చించుకుని అరిచింది. అచ్చం అండాలు కోడలిని కేకేసినట్టే వినపడింది సోమన్నకు.

స్వరూప కూతురు మనస్విని ఆకలికి ఆగలేక పెద్దల కాళ్ల సందుల్లోంచి దూరి విస్తరి దగ్గరికి పోయింది. కాకి తన పిల్లను తరుముకుంటూ పక్కకు తప్పుకుంది.

"నాకూ ఒకటి పెడ్త అనేది అవ్వ. నేను తింటే అవ్వ తిన్నట్టే గదా తాతా?" అంటూ ముద్ద చేతిలోకి తీసుకుంది.

"అంతే బిడ్డా, తిను," అన్నాడు సోమన్న.

గడప లోపలున్న స్వరూప పెరట్లోకి ఎట్లా వచ్చి పడిందో ఎవరికీ అర్థం కాలేదు. కూతురి చేతి మీద ఒక్కటి కొట్టింది. ముద్ద గోడకు తగిలి పగిలింది. పిల్ల నోట్లో వేళ్లు పెట్టి గోకుతూ, "ఉమ్మెయ్! మింగినవా? చెప్పవే, మింగినవా? ఉప్పునీళ్లు తేండ్రి! బండి తియ్యుండ్రి, దవాఖానకు పోదాం!" అని అరిచింది.

"నేను... కొరకనే లేదమ్మా," అని పిల్ల ఏడ్చింది.

స్వరూప పిల్లను గుండెకు హత్తుకుని అక్కడే కూలబడింది. కాసేపటికి తల ఎత్తి చూస్తే అందరూ ఆమెనే చూస్తున్నారు.

"నువ్వుల ముద్దకు ఉప్పునీళ్లెందుకు వదినె?" అంది మంజులత.

హనుమంతు వంగి, విస్తరి అంచున మిగిలిన ముద్దలను ఏరి డబ్బాలో వేసి మూత బిగించాడు.

కాకి నింపాదిగా నడిచి వచ్చి, విస్తర్లో అన్నం ముట్టింది.