నేలలో తీగెలు

చనిపోయిన చెల్లెలు సుమయ్యాకు నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయిన రాత్రే హమీద్ గడ్డపార పట్టుకుని బొగ్గుగని క్వార్టరు వెనక నేల తవ్వసాగాడు.

“ఏంది హమీదన్నా, చీకట్ల బావి తవ్వుతున్నవా?” పక్కింటి రాజరాజేశ్వరి గోడ మీంచి అడిగింది.

“యాంటెన్నాకు తీగెలు పాతుతున్నక్కా. అది పొట్టిది. నేలల ఎన్ని తీగెలేస్తె గంత మంచిగ వినబడ్తది.”

“ఇంక ఎవరితోని మాట్లాడ్తవన్నా?” అనేసి, నాలుక కరుచుకుని లోపలికి పోయింది.

అన్నాచెల్లెళ్లిద్దరూ ఇంట్లోనే సెట్టు పెట్టుకుని దూరాలతో మాట్లాడే హామ్ రేడియో వాళ్లే. ఆమె పోయినప్పటి నుంచి రాత్రుళ్లు, వాళ్లు మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీలోనే, హోరు చాటున ఒక ఆడగొంతు వస్తోంది. మాటలు తెలియడం లేదు. అవేవో వినకపోతే హమీద్‌కు నిద్ర లేదు, తిండి లేదు.

కింద బొగ్గంతా తవ్వుకుపోయి మనుషులకు పైపెంకు మిగిల్చిన నేల అది. గడ్డపార వేస్తే డొల్లగా మోగుతోంది. మొదటి తీగెకు హోరు తగ్గింది. రెండోదానికి గొంతు దగ్గరైంది. మూడోది కలిపి లోపలికొచ్చి వింటే, సుమయ్యే.

“అన్నా, ఇంటున్నవా? నేను గూడ తీగెలేస్తున్ననే. ఈడ మస్తు చీకటున్నది. రోజూ పిలుస్తున్న, ఒక్కనాడన్న పలుకవేంది?”

హమీద్ మైకు నొక్కి ఏడుస్తూ అరిచాడు. “ఇంటున్న బిడ్డా, ఇంటున్న!”

“ఇయ్యాల గూడ లేడు,” అంది, పక్కనున్న ఎవరితోనో.

అతను పెరట్లోకి పరుగెత్తి నాలుగో తీగె కొసను మట్టిలోకి దించాడు. అది తనంతట తానే లోపలికి జరిగింది. కింద నుంచి ఎవరో నెమ్మదిగా లాక్కుంటున్నారు.

తీగె చాలదేమోనని హమీద్ చుట్ట మొత్తం విప్పసాగాడు.