బూరుగు చెట్టు మీద తగువు

ఒక బూరుగు చెట్టు పైకొమ్మన గద్ద గూడు, నడుం దగ్గర తొర్రలో వడ్రంగిపిట్ట కాపురం. ఇద్దరికీ రెక్కలు రాని పిల్లలే. ఇంకేం, తెల్లారితే పోట్లాట.

"బెరడు గోక్కునేదానివి, నీకేం తెలుసే? నేను పైకెళ్తే సముద్రం దాకా కనిపిస్తుంది" అంది గద్ద ఆ రోజు.

వడ్రంగిపిట్టకి ఒళ్ళు మండింది. "సముద్రం చూసే కళ్ళకి కాళ్ళ కింద కొమ్మ ఆనదు కాబోలు. బియ్యపుగింజంత పురుగులు మానంతా తినేశాయి. ముక్కుతో కొడితే డొల్లమోత. నెల్లాళ్ళుగా చెబుతున్నాను, విన్నావా?"

"గాలి లేందే చెట్టెలా పడుతుందమ్మా..." అని వెక్కిరించబోయిన గద్ద సగంలో ఆగిపోయింది.

"ఏం, మాట పడిపోయిందా?"

"పొద్దున సముద్రం మీద నల్లమబ్బు సుడి తిరుగుతూ కనిపించింది. మధ్యాహ్నానికి ఆ గాలి ఇక్కడుంటుంది."

వడ్రంగిపిట్ట కోపం రెండింతలైంది. "పొద్దున చూసి ఇప్పుడా చెప్పడం?"

"నువ్వడిగావా?"

ముందు ఎవరి పిల్లల్ని దాటించాలన్నదానికీ కాసేపు తిట్టుకున్నారు. చివరికి తొర్రలోవి ముందు, పైగూటివి తర్వాత అని తేలాక, వడ్రంగిపిట్ట తన పిల్లల్ని ఒక్కొక్కటే తెచ్చి గద్ద పంజాలో పెట్టింది.

"గోళ్ళు బిగించావంటే నీ కళ్ళు పొడిచేస్తా" అని చెప్పి, డొల్లకాని చెట్టేదో కొట్టి చూడ్డానికి తాను ముందు ఎగిరింది. గద్ద కొమ్మల ఎత్తునే దాని వెనకాల వెళ్ళింది.