ఉసిళ్ల విందు

తొలకరి వాన వెలిసిన సాయంత్రం పుట్టలోంచి ఉసిళ్లు గుంపులు గుంపులుగా లేచాయి. ఏడాదికి ఒక్కసారే ఆ విందు, అదీ చీకటి పడేదాకానే.

బోదురుకప్ప బొండయ్య పోయినేడు గబగబా మింగేసి, రుచే గుర్తులేదని ఏడాదంతా ఏడ్చాడు. ఈసారి ఒక్కో పురుగునీ మనసుపెట్టి తినాలని ఒట్టు పెట్టుకున్నాడు. "ఇదిగో తినబోతున్నా, ఆనందంగా ఉన్నానా?" అని తనని తాను ప్రశ్నించుకునేసరికి నాలుక లేటయ్యేది, పురుగు ఎగిరిపోయేది.

గోడమీద బల్లి పిన్ని బుగ్గల నిండా నములుతూ అడిగింది. "ఏరా, ఉపవాసమా?"

"ఆనందిస్తున్నా పిన్నీ. కదిలించకు."

"కానీ కానీ. నీ నెత్తిమీద ఒకటి కూర్చుంది, అదీ ఆనందిస్తున్నట్టే ఉంది."

బొండయ్యకి ఒళ్లు మండింది. "ఎండాకాలమంతా మట్టికింద దీనికోసమే కాచుకున్నా, నీకేం తెలుసు?" అని తగువుకి దిగాడు. ఆ ఊపులో తనని తాను ప్రశ్నించుకోవడం మర్చిపోయాడు. మాటకీ మాటకీ మధ్య నాలుక దాని పని అది చేసుకుపోయింది. తగువు తేలలేదుగానీ, చీకటి పడేసరికి పొట్ట నేలకి ఆనింది.

"ఇంతకీ రుచి ఎట్లా ఉందిరా?" అంది పిన్ని.

"ఏది?" అన్నాడు బొండయ్య, మూతికంటిన రెక్క నాక్కుంటూ.