ఈసారి వెళ్ళేదెవరు

“నెల రోజులకి అంత పెద్ద సూట్‌కేసెందుకే? చిన్నది చాలదూ?” అని సూర్యారావు మళ్ళీ విసుక్కున్నాడు.

“చాలదండీ,” అంటూ హైమవతి సర్దుతూనే ఉంది.

వీధిలో అన్ని కుటుంబాల్లాగే వాళ్ళదీ పబ్లిక్ కంపెనీ అయింది. ఇంటి షేరు రోజూ మార్కెట్లో అమ్ముడవుతుంది. మూడు నెలలకోసారి వచ్చే క్వార్టర్ ఫలితాల ముందు ఖర్చు తగ్గించి చూపడానికి ప్రతి ఇల్లూ ఒక మనిషిని చుట్టాలింటికి పంపేస్తుంది. ఈ ఇంట్లో ఎప్పుడూ హైమవతే వెళ్ళేది. మరదలి దెప్పుళ్ళు వింటూ తమ్ముడి వరండాలో పడుకునేది. “నీ తిండి ఖర్చు తగ్గితేనే షేరు లేస్తుందే,” అని నవ్వేవాడు సూర్యారావు.

సూర్యారావూ, కొడుకూ, కోడలూ భోజనాలకి కూర్చున్నారు. హైమవతి అందరికీ వడ్డించి, కొడుకుతో నెమ్మదిగా చెప్పింది.

“నన్ను పంపితే మిగిలేదానికన్నా వండేవాళ్ళు లేక మీరు తినే హోటలు భోజనాలకే ఎక్కువవుతోందని షేర్‌హోల్డర్లకి రాశాను. ఇవాళ మీ నాన్నగారు నిద్ర లేవకముందే, ఎవరు వెళ్ళాలన్నదాని మీద ఓటింగు అయిపోయింది. ఈసారి వెళ్ళేది ఆయన. సర్దింది ఆయన బట్టలే.”

సూర్యారావు చేతిలో ముద్ద ఆగిపోయింది. “నేనా? ఎక్కడికే?”

“మా తమ్ముడింటికే. వరండాలో గాలి బాగా వస్తుంది. మీరు లేని నెలలో షేరు లేచిందంటే, ఇక అక్కడే ఉండిపోదురుగాని.”