మూడంగుళాల మహిమ

చర్చిలో తెర తీయగానే ముందు బెంచీలోని టీచరమ్మ కెవ్వుమంది. పీఠం మీది పునీతుడికి పాదాలు కనిపిస్తున్నాయి.

మనిషంత ఎత్తు కొయ్య స్వరూపం అది. ఏటా పండగకి తొడిగే కొత్త నిలువుటంగీ అంచు కింది పీఠాన్ని తాకుతూ ఉండేది. ఈసారి మూడంగుళాలు పైకుంది.

వెనక బెంచీలో దర్జీ తాతకి ముచ్చెమటలు పోశాయి. యాభై ఏళ్లుగా ఆ అంగీ కుట్టేది ఆయనే. పోయిన వేసవిలో మంచం పట్టి లేచిన దగ్గర్నుంచీ, ఆ పని రెడీమేడ్ షాపుకి పోతుందేమోనని ఒకటే బెంగ. గోడమేకుకి తగిలించిన కత్తెర అందక భార్యని పిలుస్తున్న సంగతి కూడా బయటికి పొక్కనివ్వలేదు.

ఫాదర్‌గారు ఆయన్ని పక్క గదిలోకి పిలిచారు.

"బట్ట చాల్లేదా తాతా?"

"మిగిలింది ఫాదర్‌గారూ."

"అయితే కొలత తప్పింది. వయసు మీద పడింది, ఇక విశ్రాంతి తీసుకో."

ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కొలత తప్పదండీ."

అక్కడే ఉన్న, గుడిలో జపాలు నేర్పే ఉపదేశి చెవులు రిక్కించాడు. గుడి నూరేళ్ల సంచికకి దాని చరిత్ర రాస్తున్నాడాయన. ఎంత సాగదీసినా ఒక్క పేజీ దాటడం లేదు. నూరేళ్ల కిందట వేరే ఊరికి పోతున్న స్వరూపం ఇక్కడ బండి ఇరుసు విరిగి ఆగిపోయింది. 'పునీతుడే మనల్ని ఎంచుకున్నాడు' అని రాశాడు గానీ ఇరుసు ఊసెత్తలేదు. తర్వాతి కాలమంతా పైకప్పు మరమ్మతులే.

స్వరూపానికి టేపు తగలకూడదని మొదటి ఫాదర్‌గారు పెట్టిన నియమం. అందుకే కొలత దర్జీ ఇంట్లోనే ఉంది.

"బైబిలు మీద చెయ్యేసి చెప్పు తాతా," అన్నాడు ఉపదేశి.

దర్జీ చెయ్యేశాడు. "యాభై ఏళ్లుగా ఏ కొలతకి కుట్టానో ఇప్పుడూ దానికే కుట్టాను."

ఉపదేశి ఇటు తిరిగాడు. "మరి కొలత మారకపోతే మారిందెవరు ఫాదర్‌గారూ?"

మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది. పునీతుడు పెరిగాడు! పదేళ్లుగా గుడి గడప తొక్కనివాళ్లు కూడా వరసలో నిలబడేసరికి ఫాదర్‌గారు గుడి తలుపులు బార్లా తెరిపించారు. బతికున్నంత కాలం అంగీ దర్జీ తాతే కుట్టాలని పెద్దలు తీర్మానించారు. ఉపదేశి రెండో పేజీ మొదలెట్టాడు.

తాత ప్యాంటు అంచులతో వీధి ఊడ్చుకుంటూ ఇంటికి పరిగెత్తాడు.

"పునీతుడు నా పరువు నిలబెట్టాడే!"

"బాగుంది గానీ, ఈ ప్యాంటు ఇలా నేలమీద జీరాడుతోందేంటి?" భార్య గుండుసూదులు పట్టుకుని ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "కాస్త నిటారుగా నిలబడండి."

"నిలబడే ఉన్నానే!"

మొన్న సాయంత్రం, యాభై ఏళ్లుగా చేస్తున్నట్టే పునీతుడి నిలువుటంగీ తానే తొడుక్కుని, ఆమె చేత అంచుకి గుండుసూదులు పెట్టించుకున్నప్పుడూ ఆయన సరిగ్గా ఇదే మాటన్నాడు.