మూడు కవర్ల నాచు

“టైమెంతయింది ఆదెమ్మా?”

“ఇప్పుడే గదయ్యా అడిగితివి. పదకొండుంపావు,” అనింది పెండ్లాము.

రంగప్పకు కుదురు లేదు. పుంగనూరు బజార్లో ఆయనది వేరుశెనగ విత్తనాల అంగడి. పొద్దున్నుంచి ఒక్క మూట విప్పింది లేదు. ఫోన్ పక్కనే స్టూలేసుకోని కూర్చున్నాడు. వీధిలో సైకిల్ బెల్లు మోగినా ఉలిక్కిపడతాండాడు. రెండువేల మూడో సంవత్సరం అది, సెల్లులింకా అందరి చేతికీ రాలేదు.

కూతురు భార్గవి కుప్పంలో రీసెర్చి చేస్తాండాది. సముద్రంలో పెరిగే ఎర్రనాచు మీద. దాన్ని తింటారంట గూడా. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు మూడు కవర్లు తెచ్చి నాయన ఒళ్ళో పెట్టింది.

“పేరుకు ఎర్రనాచే గానీ నాయనా, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది, ఇంకోటి కాఫీపొడి రంగు. పుస్తకాల్లో మూడు జాతులు.”

రంగప్ప ఒక్కోదాన్నీ వేళ్ళ సందున నలిపినాడు. కొమ్మ చీలేకాడ తడిమినాడు. కొస తుంచి నోట్లో వేసుకున్నాడు. శెనక్కాయల జాతి గూడా ఆయన అట్లే పట్టి చెప్తాడు, ముక్కెట్లుండాది, నడుమెట్లుండాది అని. ఆయన చెయ్యి పడందే మదనపల్లి రైతులు గూడా విత్తనం కొనరు.

“ఇవి మూడూ ఒకటే పాపా.”

“యాడ ఒకటి నాయనా! మా గోపాలస్వామి సార్ ఇరవై ఏండ్లుగా మూడంటాండాడు.”

“ఆయప్ప ఏమన్నా అననీ. ఒక్క తల్లి పిల్లలివి.”

అనేసినాడు. ఆ పిల్ల కుప్పం పోయి, అచ్చుకు పోవాల్సిన థీసిస్ ఆపేసింది. నాచులోంచి డీఎన్‌ఏ తీసి పరీక్ష చేస్తానని పట్టుబట్టింది. ఒకే జాతయితే ఆ పరీక్షలో మూడిటికీ గీతలు ఒకేచోట పడాలంట. సార్‌కు కోపమొచ్చింది. “విత్తనాల అంగడాయన మాట మీద మూడేండ్ల పని ఆపుతావా? గీతల్లో తేడా వస్తే ఇంక నా దగ్గరికి రావద్దు” అన్నాడు.

ఆ గీతలు తేలేది ఈ పొద్దే.

“యాల నోరు జారితినో!” అన్నాడు రంగప్ప. “సముద్రం మొగం చూడనోణ్ణి, నాకెందుకే నాచు సంగతి? పాప కష్టమంతా మన్ను జేసినానే.”

“అప్పుడు వాగి ఇప్పుడు ఏడిస్తే? ఈ మజ్జిగన్నా తాగు.”

గ్లాసు చేతిలో పెట్టింది. తాగలేదు.

“టైమెంత?”

“పన్నెండు! మళ్ళా అడిగితే ఆ గడియారాన్ని బాయిలో పారేస్తా.”

ఫోన్ మోగింది. మజ్జిగ ఒలికింది.

“నాయనా...” భార్గవి గొంతు. “మూడిటికీ గీతలు ఒకేచోట పడినాయి. మూడూ ఒకటే!”

అంతలోకే ఫోన్లో ఇంకో గొంతు.

“నమస్కారమప్పా, గోపాలస్వామిని. రెండుసార్లు మళ్ళా చేయించినా. అదే వచ్చింది. ఒక్కటి చెప్పండి. మూడు రంగులు ముందర పెట్టుకోని ఇరవై ఏండ్లు మేమంతా మోసపోతిమే, మీరెట్ల మోసపోలేదు?”

రంగప్ప తడి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

“మోసపోయేదానికి నాకు రంగులు యాడ కనపడతాయి సార్, పుట్టుగుడ్డోణ్ణి గదా!”